విశాఖ కొండల రాళ్లు: నగరం కప్పేస్తున్న పురాతన శిలల పటం

భూగర్భంలోని తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై, పూర్తిగా కరగకుండానే ఖనిజాలనూ అమరికనూ మార్చుకొన్న రాయిని రూపాంతర శిల అంటారు; ఆ మార్పు అత్యున్నత స్థాయికి చేరితే ఏర్పడే శిలలకు గ్రాన్యులైట్లని పేరు. తొర్రూరు, వరంగల్ పరిసరాల్లో బోడిగుట్టలుగా నిలిచిన గ్రానైట్లు, చారల నైస్ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి కాగా, వాటికి ఉత్తరంగా కరీంనగర్ ప్రాంతంలో గ్రాన్యులైట్లు బయటపడ్డాయి. అయితే ఇటువంటి గ్రాన్యులైట్ల మీదనే ఒక మహానగరం విస్తరించిన ఉదాహరణకు విశాఖపట్నాన్ని చూడాలి.

కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండల్లో ప్రధానంగా కనిపించే శిల ఖొండలైట్. కలహండి ప్రాంతపు ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూవిజ్ఞాని టి.ఎల్. వాకర్ 1902లో దీనికి ఆ పేరు పెట్టారు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక ఇంతటి రాయిగా మారాయనడానికి అందులోని ఎర్రని గార్నెట్, సూదుల వంటి సిల్లిమనైట్, నల్లని గ్రాఫైట్ సాక్ష్యమిస్తాయి. దీనికి తోడుగా ఉండే ముదురు రంగు చార్నొకైట్‌కు, కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిపై ఉన్న రాయిని పరిశీలించిన భూవిజ్ఞాని టి.హెచ్. హాలండ్ 1893లో ఆ పేరు పెట్టారు. తూర్పు కనుమల్లోని ఈ శిలల్లో కొన్ని 900 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిని, 25 నుంచి 30 కిలోమీటర్ల లోతులో, సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం చవిచూశాయి. అప్పట్లో ఈ నేల నేటి అంటార్కిటికాతో కలిసి ఉండేది.

ఈ శిలలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటం గీయడమంటే రంగులు పూయడం కాదు. రాయి బయటపడిన ప్రతిచోటా దాని రకాన్నీ, ఖనిజాలు వరుసదీరిన పొరల దిశనూ, ఆ పొరల వాలునూ దిక్సూచితో కొలిచి గుర్తించాలి. తెచ్చిన ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరుతో సమానం గనుక, ఒక కాలనీ మొత్తం బొటనవేలి కింద దాగిపోతుంది. నగరానికి కనీసం 1:10,000 పటం కావాలి. కానీ ఇక్కడ రాయిని చూడటమే కష్టం: అది రోడ్ల కింద, గోడల వెనుక, కాంక్రీటు కింద ఉంటుంది. కనుక కొండను తొలిచిన రోడ్డు కోతలు, పునాది గుంతలు, తవ్వుతున్న బావులే పరిశీలకునికి దొరికే కిటికీలు. వాటికి ఆయుష్షు కొద్ది వారాలే.

ఈ శ్రమ పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఖొండలైట్ వాతావరణానికి గురైతే ఎర్రమన్నుగానూ తెల్లని సుద్దగానూ మెత్తబడుతుంది. దాని పొరలు రోడ్డు వైపు వాలి ఉన్నచోట వాలును నిటారుగా కోస్తే భారీ వానల్లో అది జారే ప్రమాదం పెరుగుతుంది. గట్టి చార్నొకైట్ ఎక్కడ ముగిసి, మెత్తబడిన ఖొండలైట్ ఎక్కడ మొదలవుతుందో పటం చెప్పగలిగితే, పునాది లోతునూ బోరు వేయవలసిన చోటునూ ముందే అంచనా కట్టవచ్చు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1941 నుంచే భూవిజ్ఞాన శాఖ ఉంది కనుక, కొలిచే చేతులకు ఈ నగరంలో కొరత లేదు. కొండను కోసినవారూ పునాది తవ్వినవారూ కాంక్రీటు పోసే ముందు ఒక్కరోజు ఆగి, బయటపడిన ఆ రాతిగోడను విద్యార్థులకు చూపించాలి.