మందు ఉంటే సరిపోదు

మదనపల్లె అనగానే మనకు టమోటా మండీ గుర్తొస్తుంది. క్షయవ్యాధి మీద పని చేసిన డాక్టర్లకు మాత్రం ఆరోగ్యవరం గుర్తొస్తుంది. మంచి గాలి, తిండి, విశ్రాంతి తప్ప క్షయకు వేరే దారి లేని రోజుల్లో వెలసిన శానిటోరియం అది. మన దేశంలో బీసీజీ టీకా 1948లో మొదట వేసిందీ మదనపల్లెలోనే. 1950 నుంచి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెలు తిరిగి జబ్బు ఎందరికుందో లెక్క కట్టింది. తర్వాత మందులొచ్చాయి. ఇంట్లో ఉండి మందు మింగినా శానిటోరియంలో ఉన్నంత గుణమూ కనబడుతుందని 1959లో మద్రాసు పరిశోధకులు తేల్చారు. అయినా జబ్బు పోలేదు. ఎందుకని?

మా ఇంట్లో సేద్యమే కాబట్టి నాకు ఆ లెక్కలోనే అర్థమవుతుంది. పరిశోధన కేంద్రంలో విరగకాసిన చెనిక్కాయ రకం మా కయ్యలో అంత కాయదు. విత్తనంలో లోపం లేదు. అది అదునుకు అందలేదు, అందినప్పుడు చేతిలో డబ్బు లేదు. ఎక్కడ ఆగిపోయిందో వెతకడం కూడా సైన్సే. వైద్యంలో దీన్ని ఆచరణ పరిశోధన అంటున్నారు.

దీనికి మంచి ఉదాహరణ మన పొరుగునే ఉంది. తుమకూరు జిల్లా పల్లెల్లో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు బెంగళూరు క్షయ సంస్థ తరఫున క్షయరోగులను కలిసి మాట్లాడారు. పల్లెజనానికి జబ్బంటే లక్ష్యం లేదని అందరూ అనుకునేవారు. తీరా చూస్తే సగం మందికి పైగా అప్పటికే ఆస్పత్రికి పోయి వచ్చినవారే! కళ్ళె పరీక్ష చేయకుండా దగ్గు మందిచ్చి పంపేశారు. 1963లో అచ్చయిన సంగతి ఇది. తప్పు ఎవరి వైపు ఉందో చూడండి.

కొత్త పరిశోధకులకు నేర్పాల్సింది ఇలా అడగడమే. 2009లో మొదలై, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అండతో చాలా దేశాలకు పాకిన ఒక శిక్షణలో అభ్యర్థి తన పనిచోటి సమస్యనే తెచ్చుకోవాలి. ప్రణాళిక, లెక్కలు, వ్యాసం, అన్నీ గడువులోపల ముగించాలి. గడువు దాటితే ఇంటికే! మన పరీక్షల కంటే అదే నయమనిపిస్తుంది నాకు.

మరి మన దగ్గర ఏం అడగాలి? పుంగనూరు పక్క పల్లెలో దగ్గొస్తే మనిషి ముందు పోయేది మందుల అంగడికి. ఆ అంగడాయనే కళ్ళె పరీక్షకు పంపిస్తే జబ్బు ఎన్నాళ్ళు ముందుగా బయటపడుతుంది? కుప్పంలో తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు కూలికి పోయేవాళ్ళున్నారు. ఆస్పత్రి తలుపు తీసేసరికి ఆ మనిషి బంగారుపేట దాటి ఉంటాడు. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందు మింగాలి. నెల మందు ఒకేసారి ఇచ్చినా, మళ్ళీ రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. రాకపోతే రిజిస్టరులో 'మానేసినాడు' అని పడుతుంది. కొన్ని కేంద్రాల్లో సాయంత్రం పూట మందిచ్చి, మిగతావాటిలో పాత వేళలే ఉంచి, ఆరు నెలలూ పూర్తి చేసినవాళ్ళు ఎక్కడ ఎందరో లెక్కపెట్టవచ్చు. అయితే కుప్పంలో అడిగేవాడికి తెలుగొక్కటే చాలదు, అరవం, కన్నడం కూడా కాస్త రావాలి.