పింఛను నిధికి ఏ కుంచము?

మన పల్లెలలో ధాన్యము కొలుచు కాలమున ఒక మాట తఱచు వినబడుచుండెడిది: పుచ్చుకొనునప్పటి కుంచము వేఱు, ఇచ్చునప్పటి కుంచము వేఱు అని. కుంచమను పేరొక్కటియే, అందు పట్టెడు గింజలు మాత్రము సమానము కావు. ఊరూరికి కొలత మాఱుచుండిన ఆ రోజులలో తెలివిగల రైతు పత్రము వ్రాయించుకొనునప్పుడు “ఇన్ని కుంచములు” అని మాత్రమే వ్రాయించుకొని ఊరకుండెడివాడు కాడు. ఏ ఊరి కుంచమో కూడ అందు చేర్పించెడివాడు. ఈ జాగ్రత్త నేడు మఱియొక వ్యవహారమునకు, అనగా పింఛను నిధుల వ్యవహారమునకు, అత్యవసరమై యున్నదని పాఠకులకు మనవి చేయుచున్నాము.

“మా పింఛను నిధి నూటికి తొంబది వంతులు నిండియున్నది” అని ఒక కంపెనీ ప్రకటించినదనుకొందము. వినుటకు ధైర్యము కలుగును. నిధిలోని ఆస్తిని, నిధి చెల్లింపవలసిన బాకీతో భాగింపగా వచ్చు పాలే యిది. ఆస్తి కంటికి కనబడునది. వాటాలకు, బాండ్లకు బజారులో ధర యున్నది. బాకీ యట్టిది కాదు. నేడు ముప్పది యేండ్ల వయస్సుగల పనివాడు అఱువదవ యేట విరమించి, ఎనుబదియవ యేటనో తొంబదియవ యేటనో కన్నుమూయువఱకు నెలనెలకు ఈయవలసిన సొమ్మును నేటి రూపాయలలోనికి మార్చి చూపవలెను. అట్లు మార్చుటకు ఒక వడ్డీరేటు ఊహింపవలెను, ఆయుర్దాయమూహింపవలెను, జీతములెంత పెరుగునో ఊహింపవలెను. ఈ యూహలను చేయువారిని ఆక్చువరీలందురు.

వడ్డీ యూహ యొక్కటియే ఎంత పని చేయునో చూడుడు. ఇరువది యేండ్ల తరువాత లక్ష రూపాయలు చెల్లింపవలసియున్నది. ఏటికి నూటికి 7 చొప్పున చక్రవడ్డీ వచ్చునని లెక్కించినచో నేడు 25,842 రూపాయలు చాలును. నూటికి 4 చొప్పున లెక్కించినచో 45,639 రూపాయలు కావలెను. పెట్టెలో 30,000 రూపాయలున్నవనుకొనుడు. మొదటి లెక్కలో ఆ నిధి నూటికి 116 వంతులు నిండి పొర్లుచున్నది. రెండవ లెక్కలో నూటికి 66 వంతులైనను లేదు. పెట్టెలోని పైకము ఒక్క పైసయు మాఱలేదు. చెల్లింపవలసిన లక్షయు మాఱలేదు. మాఱినది కుంచమొక్కటియే.

ఇది పండితుల తగవు కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమునందలి సౌత్ బెండ్ నగరమున స్టూడిబేకరు కంపెనీ తన మోటారుబండ్ల కర్మాగారమును 1963 డిసెంబరులో మూసివేసెను. కార్మిక సంఘముతో ఒడంబడిక చేసికొని 1950లో ఏర్పఱచిన పింఛను నిధి యొకటి అచటి పనివాండ్రకుండెను. పాత సేవకు చెల్లింపవలసిన సొమ్మును ముప్పది యేండ్లలో తీర్చునట్లు ఆ యేర్పాటు. నడుమ నడుమ పింఛను మొత్తములను పెంచుచు వచ్చిరి. పెంచినప్పుడెల్ల పాత బాకీ కూడ పెరుగుచు వచ్చెను. కంపెనీ బాధ్యత నిధిలోనున్న సొమ్ముతో సరియనియు, అది చాలనిచో మిగిలిన ఆస్తిపై పనివాండ్రకు హక్కు లేదనియు ఒడంబడిక భావము. మూసివేసిననాడు ఆ వాక్యమునకు అర్థము తెలిసివచ్చెను. పింఛను పుచ్చుకొనుచున్నవారికిని, అఱువదియేండ్లు నిండినవారికిని, ఇంచుమించు 3,600 మందికి, పూర్తిగా ముట్టెను. నలువదికిని అఱువదికిని నడుమ వయస్సుగలవారు సుమారు 4,000 మందికి రూపాయికి పదునైదు పైసల వంతున మాత్రమే దక్కెను. వీరి సగటు వయస్సు 52, సగటు సేవ 23 ఏండ్లకు దగ్గఱ. తక్కిన 2,900 మందికి ఏమియు లేదు. ఇందు చట్టవిరుద్ధమైనదేదియు జరుగలేదన్నదే మాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

ఈ దుఃఖము చట్టసభవఱకు చేరుటకు పదునొకండేండ్లు పట్టెను. 1974 సెప్టెంబరు 2వ తేదీన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డు సంతకము చేసిన పింఛను చట్టము నిధులకు కనీసపు జమను నిర్ణయించి, పాడైన నిధులను ఆదుకొనుటకొక ప్రభుత్వ భీమా సంస్థను నెలకొల్పెను. అయినను కుంచము తగవు తీఱలేదు. బెత్లహేము ఉక్కు కంపెనీ తన కడపటి నివేదికలో, నాడు చట్టము అనుమతించిన కొలత ప్రకారము, నిధి నూటికి 84 వంతులు నిండియున్నదని చూపెను. 2002లో నిధిని ముగించి భీమా సంస్థ చేపట్టినప్పుడు తేలినది నూటికి 45. లోటు 430 కోట్ల డాలర్లు. యు.ఎస్. ఎయిర్‌వేస్ కంపెనీ విమానచోదకుల నిధి సంగతి యింకను విచిత్రము: కాగితముపై 94, 2003లో ముగించిననాడు 33!

ఇది యెవరో దొంగలెక్క వ్రాసినందువలన వచ్చిన తేడా కాదు. మొదటి కొలత కంపెనీ నడచుచున్నదనియు, పనివాండ్రు మామూలు వయస్సున విరమింతురనియు భావించునది; వడ్డీని గడచిన యేండ్ల సగటునుండి తీసికొనునది; ఆస్తిని సైతము నాటి బజారు ధరతో గాక కొన్ని యేండ్ల సగటుతో చూపనిచ్చునది. రెండవ కొలత కంపెనీ నేడు పడిపోయినచో ఈ పింఛనులన్నిటిని ఒక భీమా కంపెనీకి అప్పగించుటకెంత యగునని అడుగునది. కర్మాగారము మూతపడినప్పుడు పలువురు ముందుగనే విరమింతురు. బాకీ ఒక్కసారిగా ఉబ్బును. ఏ నాడైతే పనివానికి ఆ సంఖ్య నిజముగా అవసరమగునో ఆ నాటికి మొదటి కొలత పనికిరాదు.

2006లో అమెరికావారు మఱల చట్టము చేసి, నూటికి నూఱు వంతులు లక్ష్యముగా నిర్ణయించిరి. 80 వంతులకు తగ్గిన నిధి ఒక్కమారుగా సొమ్ము చెల్లించుటపై హద్దులు పెట్టిరి. 60కి తగ్గినచో క్రొత్త పింఛను హక్కులు పోగుపడుటయే నిలిచిపోవునట్లు చేసిరి. ఈ చట్టమువలన ఆ పాలు అలంకారముగా నుండుట మాని, దానినిబట్టి మనుష్యుల హక్కులు నిలుచుటయు పోవుటయు జరుగుచున్నవి. కాని 2012లో వడ్డీరేటును 25 ఏండ్ల సగటునకు ముడివేయనిచ్చిరి. పాతకాలపు హెచ్చు వడ్డీలు లెక్కలోనికి వచ్చినవి. బాకీలు కాగితముపై తగ్గినవి. కంపెనీల జమలును తగ్గినవి.

ఇక ఒడంబడికల మాట. అమెరికాలో బ్యాంకులు కంపెనీలకు అప్పిచ్చునపుడు వ్రాసికొను ఋణపత్రములలో “నిధిలేని పింఛను బాధ్యత” అని యొక నిర్వచనము పలుమారు కానవచ్చును. చెల్లింపవలసిన మొత్తము ఆస్తిని మించిన పరిమాణమని అందు చెప్పి, చివర ఒక చిన్న తోక తగిలింతురు: “ఆ నిధికి జమ కట్టుటకు వాడు ఊహల ప్రకారము” అని. ఇంతకుమునుపు చెప్పిన మెత్తని కుంచమే యిది! అప్పు తీసికొనువానికి ఈ తోక హాయి. అప్పిచ్చినవాడు మేల్కొనియున్నచో “ముగింపు లెక్క ప్రకారము” అని దిద్దించును. కంపెనీని కొనువాడును ఇట్లే బేరమాడును. పింఛను లోటును అప్పుగా భావించి ధరలోనుండి తీసివేయుమనును. అప్పుడు అమ్మువాడు జమాఖర్చు పుస్తకములలోని లోటు చాలుననును. కొనువాడు భీమా కంపెనీ అడుగు ధర కావలెననును. ఏ తేదీనాటి లెక్క, ఊహలనెవరు నిర్ణయింతురు, ఇరువురి ఆక్చువరీలకు పొసగనిచో మధ్యవర్తి యెవరు, ఇవన్నియు పత్రములో లేకున్నచో న్యాయవాదులకు పంటయే. ఈ బేరమునందెచటను పింఛను తీసికొను ముదుసలికి చోటు లేదన్నది వేఱే చెప్పవలెనా?

ఇంగ్లండులో ఒకే నిధికి మూడు నాలుగు సంఖ్యలుండుటను బాహాటముగా ఒప్పుకొందురు. ట్రస్టీలును యజమానియు కలసి మూడేండ్లకొకమారైనను చేయించు లెక్క యొకటి, జమాఖర్చుల లెక్క యొకటి, భీమా కంపెనీకి అప్పగించు లెక్క మఱియొకటి. యజమాని దివాలా తీసినప్పుడు అతడు నిధికి పడిన బాకీని కడపటి లెక్కతోనే కట్టవలెనని చట్టము. బి.హెచ్.ఎస్. అను దుకాణముల కంపెనీని దాని యజమాని 2015 మార్చిలో ఒక్క పౌనుకు అమ్మివేసెను. మఱుసటి యేడే అది కూలెను. పింఛను లోటును తీర్చుటకు అంతకుమునుపు కుదుర్చుకొన్న గడువు 23 సంవత్సరములు! అప్పగింపు లెక్కలో లోటు 57 కోట్ల 10 లక్షల పౌనులని తేలెను. గొప్ప అలజడి చెలరేగిన పిమ్మట, 2017లో పాత యజమాని 36 కోట్ల 30 లక్షల పౌనులవఱకు ఇచ్చుటకు ఒప్పుకొనెను.

అదే దేశములో 2022 సెప్టెంబరు 23వ తేదీ బడ్జెటు ప్రకటన తరువాత ప్రభుత్వ బాండ్ల ధరలు కూలి, వడ్డీలు ఎగసినవి. అరువు వ్యవహారములలో దిగియున్న పింఛను నిధులు రొక్కమునకై పరుగులు తీసినవి. 28వ తేదీన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు బాండ్లు కొనుటకు దిగవలసివచ్చెను. వింత యేమనగా, వడ్డీ పెరిగినందువలన బాకీ విలువ తగ్గి, ఆ వారమున పెక్కు నిధుల పాలు కాగితముపై మెఱుగుపడినది! చేత చిల్లిగవ్వ లేక అల్లాడుచున్నవానిని ధనికుడని వ్రాయగల లెక్క ఇది.

మన దేశమున జీతముపై నిర్ణయించిన పాత సర్కారు పింఛనులకు నిధియే లేదు. ఏటి పన్నులనుండి ఏటి పింఛనులిచ్చుచున్నారు. కావున పాలు అను ప్రశ్నయే పుట్టదు. నిధిగలది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము. మన జిల్లాలలో చక్కెర మిల్లులందును, పొగాకు కంపెనీలందును పనిచేసి విరమించినవారు ఎందఱో దీనిపై ఆధారపడియున్నారు. యజమాని వంతు జీతములో నూటికి 8.33, కేంద్ర ప్రభుత్వము వంతు 1.16. ఈ నిధిని ఏటేటా మదింపు చేయింపవలెనని పథకములోని 32వ పేరా విధించుచున్నది. ఆ పేరాయందే మఱియొక మాటయు ఉన్నది: జమ రేటునైనను, పింఛను పరిమాణమునైనను కేంద్ర ప్రభుత్వము మార్చవచ్చునట. 2008లో పింఛనులో కొంత భాగమును ముందుగ ఒక్కమారే తీసికొను సదుపాయమును తొలగించిరి. 2014 సెప్టెంబరునుండి పింఛనుకు ఆధారమగు జీతమును కడపటి 12 నెలల సగటునకు మాఱుగా 60 నెలల సగటుతో లెక్కించుచున్నారు. స్టూడిబేకరు పనివాడు సంతకము చేసిన పత్రములో కుంచమేదో వ్రాసియుండలేదు. మన పనివాని పత్రములో కుంచము వ్రాసియే యున్నది. దానిని మార్చు అధికారము ఎవరిదో కూడ ఆ ప్రక్కనే వ్రాసియున్నది.