గోడౌన్ నిల్వ ఎంత తగ్గించవచ్చు? అపోహలు – వాస్తవాలు

ఏ ఫ్యాక్టరీ గోడౌనులో చూసినా, ఉన్న సరుకులో కొంత అవసరానికి తెచ్చింది, కొంత అనుమానంతో తెచ్చింది. సప్లయర్ సమయానికి పంపుతాడో లేదో, పంపినవాటిలో ఎన్ని పనికొస్తాయో, వచ్చే నెల ఆర్డర్లు ఎలా ఉంటాయో తెలియక కొని పెట్టుకున్న సరుకు అది. స్మార్ట్ ఫ్యాక్టరీలోని సెన్సర్లు, నెట్‌తో కలిపిన యంత్రాలు తగ్గించేది ఈ తెలియనితనాన్నే. ఈ సంగతి పట్టుకోకపోవడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి.

అపోహ: గోడౌన్ నిండుగా ఉంటేనే ధీమా.

వాస్తవం: అక్కడ కదలకుండా ఉన్నది డబ్బు. దానిమీద బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈలోగా ఇనుము తుప్పు పడుతుంది, రబ్బరు గట్టిపడుతుంది, డిజైను మారితే పెట్టెలకు పెట్టెలు తుక్కు కింద పోతాయి. టయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయిచి ఓనో ఏడు రకాల వృథాల్లో నిల్వను కూడా చేర్చాడు.

ఒక లెక్క చూడండి. రోజుకు 500 బేరింగులు వాడతారనుకుందాం. ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 20 రోజులు పడితే, ఆర్డరు పెట్టేనాటికి కనీసం 10,000 చేతిలో ఉండాలి. 5 రోజుల్లో వచ్చేస్తే 2,500 చాలు. మన వాడకం సప్లయర్‌కు ఏ రోజుకారోజు తన తెరమీదే కనిపిస్తే ఇండెంట్లు, మెయిళ్లు, ఫోన్ల మధ్య పోయే రోజులు మిగులుతాయి. దూరం తగ్గినా అంతే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు ఉండటంలోని సౌలభ్యం ఇదే.

అపోహ: నిల్వ తగ్గించడం రోబోలు కొనగలిగే పెద్ద కంపెనీల వ్యవహారం.

వాస్తవం: టయోటా 'కాన్‌బాన్' మొదట్లో ఉత్త కార్డు. భాగాలు వాడగానే కార్డు వెనక్కి వెళ్తుంది, వాడినన్నే మళ్లీ వస్తాయి. ఆ కార్డు చేసిన పనిని ఇవాళ బార్‌కోడ్, ఆర్ఎఫ్ఐడీ ట్యాగు, తూకం సెన్సర్ అమర్చిన డబ్బా చేస్తున్నాయి. చిన్న పరిశ్రమ బార్‌కోడ్ స్టిక్కర్లు, ఒక ఫోనుతోనే మొదలుపెట్టవచ్చు.

అపోహ: స్మార్ట్ ఫ్యాక్టరీ అంటే నిల్వ సున్నా.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ సెయికి ప్లాంటు తగలబడింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడినుంచే వచ్చేది. టయోటా దగ్గర ఉన్న నిల్వ కొన్ని గంటలకే సరిపోయేది. కొద్ది రోజుల్లోనే జపాన్‌లోని దాని లైన్లు చాలావరకు నిలిచిపోయాయి. చివరికి కుట్టుమిషన్లు తయారుచేసే బ్రదర్ కంపెనీ సైతం వాల్వులు చేసిపెట్టింది.

జపాన్‌లో 2011 మార్చి భూకంపం తర్వాత టయోటా మరో పాఠం నేర్చుకుంది. సప్లయర్ల వెనక ఉన్న సప్లయర్ల వివరాలు కూడా సేకరించింది. చిప్పులను మాత్రం 2 నుంచి 6 నెలలకు సరిపడా ఉంచమని సప్లయర్లను కోరింది. అందుకే 2021 చిప్పుల కొరతలో మిగతా కంపెనీలు ముందే తడబడ్డా, అది కొన్ని నెలలు నిలదొక్కుకుంది. ఆ సెప్టెంబరు ఉత్పత్తిలో మాత్రం 40 శాతం కోత ప్రకటించక తప్పలేదు. నిల్వ తగ్గించడమంటే అన్నిటినీ ఒకేలా కోయడం కాదు. నట్లు, బోల్టులు ఏ వీధిలోనైనా దొరుకుతాయి. ఒకే చోట తయారై, రావడానికి నెలలు పట్టే భాగాన్ని దాచుకోవాల్సిందే.

అపోహ: సిస్టమ్ పెట్టేస్తే ఇక కంప్యూటరే చూసుకుంటుంది.

వాస్తవం: ఒక సప్లయర్‌పై జరిగిన సైబర్ దాడి వల్ల 2022 మార్చి 1న జపాన్‌లోని 14 టయోటా ప్లాంట్లు ఆగాయి. 2023 ఆగస్టు 29న మళ్లీ ఆ 14 ప్లాంట్లూ ఆగాయి. ఈసారి కారణం విడిభాగాల ఆర్డర్లు నడిపే సర్వర్లలో డిస్కు స్థలం చాలకపోవడం! నిల్వ తగ్గినకొద్దీ సర్వర్ల నిర్వహణ కూడా యంత్రాల నిర్వహణంత ముఖ్యమవుతుంది.

తెరమీది అంకె నిజం కావాలన్నా మనుషులే కావాలి. పాడైన భాగాన్ని తుక్కులో పడేసి నమోదు చేయకపోతే, లేని సరుకు ఉందనుకుని సిస్టమ్ ఆర్డరు పెట్టదు.

కాబట్టి పరిశ్రమ నడిపేవారు సాఫ్ట్‌వేర్ కొటేషన్లు అడిగే ముందు రెండు పనులు చేయండి. స్టోర్సులో సరుకు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడండి. ఏ భాగం లేకపోతే లైను ఆగుతుందో, దాన్ని ఎంతమంది తయారుచేస్తున్నారో జాబితా రాయించండి.