మీకు తెలుసా? జిగురు లేకుండానే అతుక్కునే తుంటి!

అరిగిన తుంటి కీలు తీసేసి కొత్తది పెడతారని మీరు వినే ఉంటారు. కానీ కొన్ని ఇంప్లాంట్లకు సిమెంటు చుక్క కూడా వాడరు, తెలుసా? మన ఎముకే పెరిగి లోహాన్ని పట్టేసుకుంటుంది! లోహం పైపొరలో 50 నుంచి 400 మైక్రాన్ల రంధ్రాలుంటే చాలు. ఎముక చక్కగా లోపలికి దూరిపోతుంది!

మరి మొదట్లో ఊడిపోకుండా ఆపేదేంటి? బిగువే! ఇంప్లాంట్‌లో గిన్నెలాంటి భాగమే కప్పు. అది కూర్చునే గుంటను కావాలనే 1 మిల్లీమీటరో 2 మిల్లీమీటర్లో చిన్నగా తొలుస్తారు. తర్వాత కప్పును కొట్టి దించుతారు. అవును, సుత్తితోనే! తొడ ఎముక వంతు వచ్చేసరికి ఆకురాయిలాంటి గరుకు పనిముట్టును దెబ్బ మీద దెబ్బ వేసి దించుతారు. సర్జన్ చెవి అప్పుడు శబ్దం మీదే ఉంటుంది. సైజు సరిపోగానే ఆ చప్పుడు మారిపోతుంది! నన్నడిగితే ఆపరేషన్ మొత్తంలో అబ్బురమంటే ఇదే.

ఇక మొదటి కొన్ని వారాలే కీలకం! అడుగు వేసినప్పుడల్లా ఇంప్లాంట్ 150 మైక్రాన్లకు మించి కదిలిందా, ఎముక రాదు. దాని బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది. 150 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా కాదు!

కొన్నిటికి హైడ్రాక్సీఅపటైట్ పూత ఉంటుంది. అది మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజమే! దాన్ని లోహానికి పట్టించే ప్లాస్మా జ్వాల వేడి 10,000 డిగ్రీలు కూడా దాటుతుంది. సూర్యుడి ఉపరితలం కూడా అంత వేడిగా ఉండదు!

బెర్లిన్ పరిశోధకులు ఏం చేశారో తెలుసా? తుంటి ఇంప్లాంట్ లోపలే సెన్సర్లు పెట్టేశారు! కాలు తడబడిన క్షణంలో తుంటి మీద పడే భారం మనిషి బరువుకు 8 రెట్లు దాటిందట. ఎముక పట్టు అంత భారాన్నీ మోయాలి!

మోస్తోందా మరి? నార్వేలో తుంటి మార్పిడులకు జాతీయ రిజిస్టరు ఉంది. సిమెంటు లేని 11,516 స్టెమ్‌ల లెక్క 2007లో బయటపెట్టారు. స్టెమ్ అంటే తొడ ఎముకలోకి దిగే లోహపు కాడ. అప్పటికి వాడుకలో ఉన్న రకాలు పదేళ్లకు భేషుగ్గా నిలిచాయి! వాటిలో కొరైల్ రకమైతే 15 ఏళ్లకు కూడా దాదాపు 97 శాతం నిలిచింది!

అయితే 75 దాటిన వాళ్లలో కథ వేరు. అక్కడ ఇప్పటికీ సిమెంటుదే పైచేయి! సిమెంటు లేని ఇంప్లాంట్ బిగువుకు పెళుసెక్కిన ఎముక చిట్లే ప్రమాదం ఎక్కువ.

ఇంకో సంగతి! పాత కప్పులు చాలావాటిని దెబ్బతీసింది ఎముక పట్టు కాదు, లోపలి ప్లాస్టిక్! అది అరిగి రాలిన రేణువులే చుట్టూ ఉన్న ఎముకను కరిగించేశాయి. అరుగుదల ఏడాదికి 0.1 మిల్లీమీటరు లోపు ఉంటే ఆ బెడద అరుదు. ఇప్పటి గట్టి ప్లాస్టిక్ అంతకన్నా తక్కువే అరుగుతోంది!