పాపికొండల్లో రాత్రి బస: విన్నవేమిటి, ఉన్నవేమిటి

వరద తగ్గి గోదావరి తేటబడిందంటే చాలు, పోలవరంలోనూ రాజమండ్రిలోనూ ఒకటే మాట వినిపిస్తుంది: "ఈసారి పాపికొండల్లో ఒక రాత్రి ఉండి రావాలి." పొద్దున లాంచీ ఎక్కి సాయంత్రానికి దిగిపోవడం ఇప్పుడు చాలామందికి చాలడం లేదు. వెదురు గుడిసెలో పడుకోవాలి, వాగు చప్పుడు వినాలి, మంచులో తెల్లవారడం చూడాలి. మంచి కోరికే. అయితే ఆ అడవి గురించి మైదానంలో తిరిగే మాటలు చాలావరకు సినిమాల నుంచీ, బసల ప్రకటనల నుంచీ పుట్టినవి. వాటిని నమ్మి వెళ్ళినవాళ్ళు భయపడనక్కరలేని వాటికి భయపడుతున్నారు. జాగ్రత్త పడాల్సిన చోట మాత్రం ధీమాగా ఉంటున్నారు. ఆ మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: పాపికొండలు, మారేడుమిల్లి వర్షారణ్యాలు. ఏడాది పొడవునా పచ్చగా, తడిగా ఉంటాయి.

సెప్టెంబరులో మారేడుమిల్లి ఘాట్ రోడ్డెక్కినవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. మబ్బు రోడ్డు మీదికి దిగుతుంది, రాళ్ళన్నీ నాచు పట్టి ఉంటాయి, పైన ఆకాశం కనిపించదు. కానీ ఇది తూర్పు కనుమల ఆకురాల్చే అడవి. నల్లమద్ది, బండారు, వేగిస, కొండతంగేడు, వాటి మధ్య వెదురు పొదలు, ఇవీ ఇక్కడి చెట్లు. వాగుల వెంబడి, లోతైన లోయల్లో మాత్రం ఆకు పూర్తిగా రాల్చని అడవి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మన దేశంలో అసలైన వర్షారణ్యాలు పడమటి కనుమల్లో, ఈశాన్యంలో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. గోదావరి ఏజెన్సీలో పడేది అందులో నాలుగోవంతు కూడా ఉండదు.

పేరేదైతేనేం అనుకోవద్దు. మార్చి వచ్చేసరికి ఈ అడవిలో నేలంతా ఎండుటాకే. పచ్చటి వర్షారణ్యం అనుకుని వెళ్ళినవాళ్ళు గుడిసె ముందు నెగడు వేసి, అది ఆరకముందే నిద్రపోతారు. ఒక్క నిప్పురవ్వ గాలికి లేస్తే కార్చిచ్చు కొండ దాటిపోతుంది. మంట వేస్తే జంతువులు దగ్గరికి రావన్న నమ్మకం ఒకటి దీనికి తోడు. వేసవిలో ఆ మంటే అక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పచ్చదనం చూడాలంటే అక్టోబరు నుంచి జనవరి లోపల వెళ్ళండి. వేసవిలో వెళ్తే నిప్పు జోలికి పోకండి.

అపోహ: అదంతా మనిషి అడుగు పడని ఏకాంతం.

ఇది నన్ను బాగా బాధపెట్టే అపోహ. "జనం లేని చోటు" అని ప్రకటనల్లో చూపించే ఆ కొండల్లో కొండరెడ్లు, కోయలు తరతరాలుగా బతుకుతున్నారు. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఈ కొండల్లోనే ఉండి కొండరెడ్ల జీవితం మీద రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు ఈ కొండల్ని బైసన్ హిల్స్ అనేవారు, అంటే అడవిదున్నల కొండలు. ఆ పుస్తకం పేరులోనూ అదే మాట ఉంది. పోడు కొట్టి జొన్న, సామ పండించుకోవడం, వెదురు నరికి బుట్టలల్లడం, జీలుగు కల్లు తీయడం, చింతపండు, అడ్డాకులు సంతకు మోసుకెళ్ళడం వాళ్ళ నిత్యజీవితం. మనం "ట్రెక్కింగ్ దారి" అనుకునేది వాళ్ళు సంతకు నడిచే దారి. మనం ఫొటో దిగే వాగు వాళ్ళ బిందెలు నిండే వాగు. గుడిసె ముందు కూర్చున్న ముసలమ్మను అడక్కుండా ఫొటో తీయడం, పిల్లల చేతుల్లో చాక్లెట్లు పోయడం మన వీధిలో ఎవరైనా చేస్తే ఒప్పుకుంటామా?

దీంతోనే ముడిపడ్డ మరో మాట ఉంది: డబ్బుంటే ఏజెన్సీలో నాలుగెకరాలు కొని బస కట్టుకోవచ్చని. కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1959 నాటి నిబంధన ఉంది. దానికి 1970లో వచ్చిన సవరణనే అందరూ 1/70 చట్టం అంటారు. పోలవరం పక్క కొండల్లోనూ, రంపచోడవరం, మారేడుమిల్లి వైపూ ఇదే వర్తిస్తుంది. ఇక పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ పార్కు లోపల ప్రైవేటు బసకు తావు లేదు. అందుకని గది తీసుకునే ముందు ఆ స్థలం ఎవరిది, నడిపేది ఎవరు, వచ్చే డబ్బు ఊళ్ళోకి ఎంత వెళ్తుంది అని అడగండి. మారేడుమిల్లి దగ్గర వలమూరు వన సంరక్షణ సమితి అటవీ శాఖతో కలిసి నడిపిన జంగిల్ స్టార్ లాంటి విడుదులు ఆ ప్రాంతంలో మంచి ఉదాహరణ. వంట, కాపలా, దారి చూపడం అన్నీ ఊరివాళ్ళ చేతుల్లో ఉంటే మనం కట్టే అద్దె అడవికే చేరుతుంది.

అపోహ: పోలవరం ప్రాజెక్టు పూర్తయితే పాపికొండలు మునిగిపోతాయి. ఆలోగా చూసెయ్యాలి.

కొండలు మునగవు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే సముద్రమట్టం నుంచి 150 అడుగులు. పాపికొండల శిఖరాలు అంతకు ఎన్నో రెట్లు ఎత్తు. మునిగేది కొండల పాదాల దగ్గరున్నదంతా. ఇసుకతిన్నెలు, రేవులు, పొలాలు, గుళ్ళు, ఊళ్ళు. మొత్తం ముంపు 370కి పైగా ఆవాసాలకు, సుమారు లక్ష కుటుంబాలకు తగులుతుంది. 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్ళించాక, ఎగువ కాఫర్‌డ్యామ్ వెనక నీరు నిలబడి దేవీపట్నం వైపు ఊళ్ళు వరదల్లో ముందే మునిగిపోతున్నాయి. గండిపోచమ్మ గుడి గోపురం నీళ్ళలోంచి తొంగిచూస్తున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

కాబట్టి "మునిగేలోగా చూడాలి" అన్న తొందరలో మనం చూడాల్సింది వేరే ఉంది. కొల్లూరు దగ్గర ఇసుకతిన్నెల మీద వేసిన వెదురు గుడిసెల గురించి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ గుడిసెల్లో వండిపెట్టినవాళ్ళ, పడవ కట్టినవాళ్ళ ఊళ్ళు పునరావాస కాలనీలకు తరలుతున్నాయి. ఆ కుటుంబాలకు రావాల్సిన పరిహారం, భూమికి భూమి పూర్తిగా అందాలని గట్టిగా కోరుకోవాల్సిన బాధ్యత కాలువల నీళ్ళు తాగే డెల్టావాళ్ళం మనకు అందరికన్నా ఎక్కువ ఉంది.

అపోహ: అడవిలో ప్రమాదమంటే పులే.

పాపికొండల్లో పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కలూ అడవిదున్నలూ ఉన్నాయి. ఇవి జనం మసిలే విడిది గుమ్మంలోకి సాధారణంగా రావు. కాస్త జాగ్రత్త పడాల్సింది ఎలుగుబంటితో. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున, మునిమాపున చెట్ల కింద తింటూ ఉంటుంది. హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది. ఆ వేళల్లో ఒంటరిగా నడవకండి, అంతే.

ప్రాణాలు తీసింది నీళ్ళు. 2018 మేలో మంటూరు దగ్గర కొండమొదలు వైపు నుంచి జనంతో వస్తున్న లాంచీ ఈదురుగాలికి తిరగబడింది. తలుపులు మూసుకుని ఉండడంతో లోపలివాళ్ళు బయటపడలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక లాంచీ మునిగింది. ఆ రోజు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. 77 మందిలో 26 మందే దక్కారు. వాళ్ళను కాపాడింది పక్క ఊళ్ళ గిరిజనులు. ఒడ్డు నుంచి నాటుపడవలు వేసుకుని సుడుల్లోకి వచ్చారు. 200 అడుగులకు పైగా లోతులో పడ్డ ఆ లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం నెల దాటాక గాని బయటికి తీయలేకపోయింది.

కొండల మధ్య గోదావరి ఇరుకవుతుంది, లోతు పెరుగుతుంది. పైకి అద్దంలా కనిపించే చోటే అడుగున సుడి తిరుగుతుంది. అందుకని "ఈత వచ్చు కదా" అనే ధీమా అక్కడ పనికిరాదు. లైఫ్ జాకెట్ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఒంటి మీద ఉండాలి, భోజనం దగ్గరా, ఫొటోల దగ్గరా కూడా. బకిల్ పెట్టి, పట్టీ బిగించి. భుజాన వేలాడే జాకెట్ నీళ్ళలో పడగానే జారిపోతుంది. వరద ఉన్నప్పుడు పడవలు ఆపేశారని విసుక్కునేవాళ్ళు కచ్చులూరును గుర్తు చేసుకోవాలి. జలతరంగిణి, అమృతధార లాంటి జలపాతాల దగ్గరా ఇంతే. ఎగువన కొండల మీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు నిమిషాల్లో పొంగుతుంది. నీళ్ళు రంగు మారి ఎర్రబడితే బట్టలు వదిలేసైనా గట్టెక్కాలి.

అపోహ: పేరంటాలపల్లి వాగు నీళ్ళు మూలికల మీదుగా వస్తాయి. తాగితే రోగాలు పోతాయి.

పేరంటాలపల్లి ఆశ్రమం, ఆ వాగు చల్లదనం మనసుకు హాయినిస్తాయి, అందులో సందేహం లేదు. నీళ్ళ విషయం వేరు. చెట్ల వేళ్ళు తాకినంతమాత్రాన నీటిలోని సూక్ష్మజీవులు చావవు. అదే వాగు పైన పశువులు దిగుతాయి, అడవి జంతువులు దిగుతాయి. కాచి చల్లార్చిన నీళ్ళే తాగండి. అక్కడివాళ్ళు తాగుతున్నారు కదా అంటారు. ఏజెన్సీలో ఏటా వాన మొదలవగానే వాంతులు, విరేచనాలు ఎందుకు ప్రబలుతాయో ఏ ఆశా కార్యకర్తనైనా అడగండి.

బొంగు చికెన్ మీద కూడా ఒక మాట. కాల్చిన వెదురు బొంగును కడిగి మళ్ళీ వాడతారని కొందరు అనుమానపడతారు. అలా కుదరదు. పచ్చి బొంగులోని తేమే ఆ మాంసాన్ని ఉడికిస్తుంది, నూనె అక్కర్లేనిది అందుకే. ఒకసారి నిప్పుల మీద పడ్డ బొంగు మాడిపోతుంది. ప్రతిసారీ కొత్త బొంగు నరకాల్సిందే.

అపోహ: గుడిసె చుట్టూ ఉప్పో, వెల్లుల్లి నీళ్ళో చల్లితే పాము రాదు.

వస్తుంది. కట్లపాము రాత్రిపూట ఎలుకల కోసం, తోటి పాముల కోసం తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి చేరి కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనిపించదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. దానికి విరుగుడు మంచం, మంచం చుట్టూ పరుపు కిందికి దోపిన దోమతెర. తెర పామునూ ఆపుతుంది, దోమనూ ఆపుతుంది. రాత్రి బయటికి వెళ్తే టార్చి, కాలికి చెప్పులు. ఈ కొండల్లో గిరినాగు కూడా ఉంది. చూడ్డానికి భయం పుట్టించే ఆ పాము తక్కిన పాముల్ని తిని బతుకుతుంది, మనిషి జోలికి రావడం చాలా అరుదు. చంపకండి.

కాటు పడితే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, మంత్రగాడి కోసం పరిగెత్తడం, మూడూ ప్రాణం మీదికి తెస్తాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, ఆ మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఫోన్ సిగ్నల్ అందని చోట 108ని పిలవడమే కష్టం. గది తీసుకునేటప్పుడే అడగండి: రాత్రి బండి ఉంటుందా, విషం విరుగుడు మందు దగ్గర్లో ఎక్కడ దొరుకుతుంది? దానికి సూటిగా జవాబు చెప్పలేని చోట పిల్లలతో ఉండకండి.

అపోహ: అక్కడ మురుగు లేదు, అంతా పారే తేట నీరే, దోమలెందుకుంటాయి?

ఏజెన్సీకి వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చేవాళ్ళలో చాలామంది అనుకునే మాటే ఇది. మలేరియా మోసేది మురుగులో పుట్టే దోమ కాదు. కొండ ప్రాంతాల్లో ఆ పని చేసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ గుడ్లు పెట్టేది నెమ్మదిగా పారే తేట వాగుల అంచుల్లోనే. మనం ముచ్చటపడి గుడిసె తీసుకున్న వాగొడ్డే దాని పుట్టిల్లు. చీకటి పడ్డప్పటి నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. పెద్దగా రొద చేయదు కాబట్టి దోమల్లేవనే అనుకుంటాం. మందు తాగితే దోమ కుట్టదన్న మాట మరీ ప్రమాదం. బుర్కినా ఫాసోలో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బీరు తాగినవాళ్ళ వైపే మలేరియా దోమలు ఎక్కువగా వెళ్ళాయని తేలింది. నిండు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల మందు, దోమతెర, ఈ మూడూ ఉంటే చాలావరకు నిశ్చింత.

ఇక ఇంటికొచ్చాక. ఫాల్సిపారం మలేరియా దోమ కుట్టిన మర్నాడే బయటపడదు. మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అప్పటికి మనం పాపికొండల సంగతే మర్చిపోయి, వైరల్ జ్వరమని మాత్రలు మింగుతూ కూర్చుంటాం. ఫాల్సిపారం మెదడుకు పాకడానికి ఆ ఆలస్యం చాలు. వెళ్ళొచ్చాక కొన్ని నెలల వరకు చలితో గాని, చలి లేకుండా గాని జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. డాక్టరు అడక్కపోయినా మొదట ఈ మాట చెప్పండి: "ఏజెన్సీలో రాత్రి పడుకుని వచ్చానండి."