ఏ గొట్టం వేయిద్దాం?

భవానీపురంలో పున్నమి ఘాట్ పక్కన పెరిగే పిల్లలకు కృష్ణలో ఈతంటే ప్రాణం. అలాంటి ఇంట్లో ఓ చిన్నారికి లుకేమియా వస్తే..?

చికిత్స సాధారణంగా రెండు మూడేళ్లు సాగుతుంది. మాటిమాటికీ చేతికి సూది గుచ్చితే నరాలు దొరకవు. కొన్ని మందులు నరం బయటికి కారితే పుండు పడుతుంది. అందుకే గుండె దగ్గరి పెద్ద సిరదాకా సన్నని గొట్టం వేస్తారు. అందులో మూడు రకాలు.

పిక్ లైన్: చేతి నుంచి వెళ్తుంది. వేయడం తేలిక. కొన్ని వారాలు, నెలలకు సరిపోతుంది. వారం వారం డ్రెస్సింగ్ మార్చాలి.

హిక్‌మన్ లైన్: ఛాతీ మీద కొస బయటికి ఉంటుంది. సూది లేకుండానే రక్తం తీయొచ్చు. పసివాళ్లు లాగేయకుండా చూసుకోవాలి.

కీమో పోర్ట్: చర్మం కిందే ఉండిపోతుంది. వేయడానికీ తీయడానికీ ఆపరేషన్ కావాలి, ఖర్చూ ఎక్కువే. వాడేటప్పుడు ప్రత్యేకమైన సూది గుచ్చాలి. ముందుగా మత్తు క్రీము రాస్తే నొప్పి తగ్గుతుంది. వాడని రోజుల్లోనూ సాధారణంగా నెలకోసారి శుభ్రం చేయించాలి.

మొదటి రెండూ తడవకూడదు. పోర్ట్ అయితే గాయం మానాక, సూది లేనప్పుడు మామూలుగా స్నానం చేయొచ్చు. ఈతకు మాత్రం డాక్టరు సరేననాలి. రక్తకణాలు తగ్గిన రోజుల్లో నది నీళ్లు అసలే వద్దు.

ఖరీదైనదే మంచిదనుకోకండి. 'ఎన్నాళ్లు అవసరం? ఇంట్లో మేం చూసుకోగలమా?' అని డాక్టర్ని అడగండి.

ఏ గొట్టం ఉన్నా ఒక్కటి మరవద్దు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, అర్ధరాత్రయినా సరే... బిడ్డతో వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి!