మలామా గడియారం: పైన పసిడి, లోపల పట్టుదారం

పద్దెనిమిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో పారిస్‌లో రూపుదిద్దుకున్న మలామా గడియారం, అంటే బంగారు పూత పూసి, చలిమంట గూటి పైనున్న పాలరాతి పలకమీద నిలిపేందుకు చేసిన గడియారం, వేర్వేరు వృత్తుల చేతిపని ఒకచోట కలిసిన వస్తువు. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలై ప్రాచీన రోమన్ కళ వెలుగు చూడటంతో, అంతవరకు రాజ్యమేలిన వంకీల నగిషీలు వెనకబడి స్తంభాలు, కలశాలు, ఆకుదండలు ముందుకు వచ్చాయి. ప్రాచీన రూపాలను మళ్లీ ఆదర్శంగా తీసుకున్న ఈ ధోరణినే నవ్య సంప్రదాయ శైలి అంటారు.

ఇక లోహపు పనికి వస్తే, తెలంగాణలోని జనగామ జిల్లా పెంబర్తి పనివారు పలుచని ఇత్తడి రేకును లక్కమీద పరిచి బొమ్మ ఉబ్బేలా కొడతారు. పారిస్ పనివారు మాత్రం కంచును పోతపోసి, ఉలితో చెక్కి, ఆపైన పాదరసంలో కరిగించిన బంగారపు ముద్దను పూసి కాల్చేవారు. నిప్పు సెగకు పాదరసం ఆవిరై పోగా బంగారం లోహానికి గట్టిగా అంటుకునేది గాని, ఆ ఆవిరిని పీల్చిన పనివారి నరాలు దెబ్బతిని చేతులు వణికేవి. ఈ పసిడి మెరుపును మెచ్చుకునేవారు ఆ మూల్యాన్ని కూడా తలచుకోవడం న్యాయం.

లోపలి యంత్రం గుండ్రటి ఇత్తడి పలకల మధ్య ఇమిడి ఉంటుంది. అందులోని రెండు స్ప్రింగులలో ఒకటి ముళ్లను నడిపితే, రెండోది గంట కొడుతుంది. ఎన్ని దెబ్బలు కొట్టాలో నిర్ణయించేది అంచున గాట్లున్న లెక్క చక్రం. గంటలకు 78, అరగంటలకు ఒక్కొక్కటి చొప్పున 12, వెరసి 12 గంటలలో 90 దెబ్బలు. ఈ చక్రానికి ముళ్లు ఎక్కడున్నాయో తెలియదు కనుక, వాటిని అడ్డదిడ్డంగా తిప్పితే గడియారం మూడు చూపుతూ ఐదు కొడుతుంది.

తొలినాళ్ల గడియారాలలో లోలకం పట్టుదారపు ఉచ్చుకు వేలాడేది. దారాన్ని చుట్టి లోలకాన్ని పొట్టి చేస్తే వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. సుమారు 25 సెంటీమీటర్ల లోలకం ఒక్క మిల్లీమీటరు సాగినా గడియారం రోజుకు దాదాపు 3 నిమిషాలు వెనకబడుతుంది. గాలిలోని తేమకు పట్టుదారం నిడివి మారుతుంది కాబట్టి, ఎంత విలువైన గడియారమైనా వానాకాలంలో దారం దయమీద నడవవలసిందే.

చలిమంట గూళ్ల అవసరమే అంతగా లేని హైదరాబాద్‌కు ఇవి అలంకారంగా చేరాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణతో దివాన్ దేవిడీలో 1951 డిసెంబరు 16న తెరుచుకున్న మ్యూజియంలో ఫ్రెంచి గడియారాలున్నా, చూపరులు గుమిగూడేది కుక్ అండ్ కెల్వీ సంగీత గడియారం ముందే. ఫ్రెంచి గడియారాన్ని వీలైతే వెనకనుంచి చూడటం మేలు, లోలకం దేనికి వేలాడుతోందో చూస్తే దాని వయసుకు ఒక గుర్తు దొరుకుతుంది. 1840ల నుంచి పారిస్ గడియారాల పనివాడు బ్రోకో పేరిట వచ్చిన ఉక్కు పట్టీ పట్టుదారం స్థానంలోకి, విద్యుత్ పూత పాదరసం స్థానంలోకి రాసాగాయి. అయితే పాత గడియారాలకు తర్వాత ఉక్కు పట్టీ బిగించడమూ మామూలే కనుక, ఆ ఒక్క గుర్తుతోనే వయసు తేల్చకూడదు.